మా పిల్లోడు ఐస్ హాకీ ఫార్వర్డ్ అవుతానంటున్నాడు: తిరుపతిలో ఉండి ఎంతవరకు సాధ్యం?

తిరుచానూరు_రోడ్డు:
అన్నలకి, అక్కలకి నమస్కారం. మా అక్క కొడుకు గురించి అడుగుతాండా. 14 ఏండ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. మూడేండ్లుగా ఇన్‌లైన్ స్కేట్స్ (చక్రాలు ఒకే వరసలో ఉండేవి) వేసి కాంక్రీటు రింకులో ఆడతాండాడు, వెనక్కి స్కేటింగ్ కూడా వచ్చు. ఇప్పుడు ఐస్ హాకీ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరసలో ఆడేవాడిగా, ప్రొఫెషనల్ కావాలని పట్టు పట్టినాడు. ఐస్ ఒక్కసారి కూడా తొక్కలేదు. మూడు సంగతులు తెలియాల:
ఆ కెరీర్‌లో మెట్లు ఎట్లుంటాయి, ఈ వయసులో ఏది అందుతుంది, ఏది అందదు?
ఐస్ లేని ఊర్లో ఏం సాధన చేస్తే రేపు ఐస్ మీద పనికొస్తుంది?
స్కేట్స్, స్టిక్ ఏవి కొనాల? పెరిగే పిల్లోడు కదా, రెండు సైజులు పెద్దవి తీసుకుందామని మా బావ అంటాండాడు.
ఉన్నదున్నట్టు చెప్పండి, పిల్లోడిని ఊరడించే మాటలు వద్దు.

బ్లూలైన్_బాబాయి:
మొదటి ప్రశ్నకి జవాబు చెప్తా. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద లీగ్) అనే మాట పక్కన పెట్టేయండి. అక్కడి పిల్లలు నాలుగైదేండ్లకే ఐస్ ఎక్కుతారు. 16 నుంచి 20 ఏండ్ల మధ్య కెనడా మేజర్ జూనియర్ లీగ్‌లలో, అంటే పడమటి వైపు డబ్ల్యూహెచ్‌ఎల్, అంటారియోలో ఓహెచ్‌ఎల్, క్యుబెక్ వైపు క్యూఎంజేహెచ్‌ఎల్‌లో ఆడతారు. లేదంటే అమెరికా కాలేజీ హాకీకి పోతారు. ముందు ఈ రెండు దారులూ కలిసేవి కావు, మేజర్ జూనియర్ ఆడినవాడికి కాలేజీ తలుపు మూసేసేవారు. 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డు తీసేశారు.

ఆ తర్వాత డ్రాఫ్ట్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళ పేర్లు ఎంచుకోవడం. 32 జట్లు, 7 రౌండ్లు, ఏడాదికి 224 పేర్లు. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలి. డ్రాఫ్ట్‌లో పేరు వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు, ఆ ఆటగాడితో మాట్లాడే హక్కు ఆ జట్టుకి వచ్చిందంతే. తొలి కాంట్రాక్టుకి ఎంట్రీ లెవెల్ అని పేరు. సంతకం పెట్టేనాటికి వయసు 18-21 అయితే మూడేండ్లు, 22-23 అయితే రెండేండ్లు, 24 అయితే ఒక ఏడాది. జీతం మీద పైహద్దు ఉంటుంది. చాలా కాంట్రాక్టులు రెండంచెలవి: ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజుకి ఒక లెక్క, కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌కి పంపిన రోజుకి అందులో చిన్న భాగం. ఒక్కో జట్టు చేతిలో 50 కాంట్రాక్టుల దాకా ఉండొచ్చు, కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే జట్టు జాబితాలో చోటు 23 మందికే. మిగిలినవాళ్ళంతా కింద ఎదురుచూపులే. ఆ దిగువన ఈసీహెచ్‌ఎల్ అని ఇంకో లీగ్ ఉంది.

డ్రాఫ్ట్ కాకపోయినా దారి ఉంటుందనడానికి అర్ష్‌దీప్ బెయిన్స్‌ని చూడండి. బ్రిటిష్ కొలంబియాలోని సర్రేలో పుట్టిన పంజాబీ కుటుంబం అబ్బాయి, వింగర్ (పక్కవైపు ఆడే ఫార్వర్డ్). ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. 2021-22లో రెడ్ డీర్ జట్టు తరఫున 112 పాయింట్లతో (గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి) డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచాడు, ఆ సీజన్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ సంతకం చేయించుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి ఆట 2024 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అన్ని పాయింట్లు కొట్టినవాడికే అంత ఆలస్యం. భారత మూలాలున్న ఆటగాళ్ళలో ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదట అడుగు పెట్టింది రాబిన్ బావా, 1989-90లో వాషింగ్టన్‌కి. ఆయన మొత్తం ఆడింది 61 ఆటలు.

కాబట్టి మీవాడికి అందే మెట్లు వేరు. భారత జాతీయ జట్టు ఉంది. మన దేశం 1989 నుంచి అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యురాలు. ఆసియా టోర్నీలలో ఆడుతుంది. మహిళల జట్టు 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. జట్టులో ఎక్కువమంది లడఖ్ వాళ్ళే. దేశవాళీలో సైన్యం, ఐటీబీపీ (సరిహద్దు పోలీసు దళం) జట్లు గట్టివి, వాటిలో ఆటకి ఉద్యోగమూ తోడవుతుంది. మన దేశంలో ఐస్ హాకీ మీద నెలజీతం అంటే దాదాపు ఆ దారే. పిల్లోడికి ఈ మాట ఇప్పుడే చెప్పేయండి, 19 ఏండ్లప్పుడు చెప్తే తట్టుకోలేడు.

కడపరాయి:
మూడో ప్రశ్న నాది. బావగారి మాట మాత్రం వినొద్దు స్వామీ! రెండు సైజులు పెద్ద బూటు వేస్తే మడమ లోపల పైకి లేస్తుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది, పిల్లోడు బ్లేడు అంచు మీద కాకుండా బూటు గోడ మీద నిలబడతాడు. ఒక్క సీజన్‌లో ఆ వాలుడు అలవాటైతే మళ్ళీ సరిచేయడానికి చానా కాలం పడుతుంది. ఐస్ హాకీ స్కేట్ మామూలు బూటు కంటే ఒకటి నుంచి ఒకటిన్నర సైజు చిన్నదే తీసుకోవాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందుభాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచగానే వెనక్కి జరగాలి. తాడు కట్టకముందు, పై నుంచి మూడో కన్నం దగ్గర ఒక పెన్ను అడ్డంగా పెట్టి చూడండి. పెన్ను రెండు అంచుల మీద ఆనకుండా పాదం మీద ఆనిందంటే బూటు లోతు చాలదు, సైజు మార్చినా లాభం లేదు, మోడల్ మార్చాల్సిందే.

స్టిక్ దగ్గర అందరూ చేసే తప్పు గట్టిదనం. స్టిక్ మీద ఫ్లెక్స్ అని ఒక అంకె ఉంటుంది. పౌండ్లలో బరువు వేసి అందులో సగం తీసుకుంటే సుమారు సరిపోతుంది. 46 కిలోలంటే 101 పౌండ్లు, కాబట్టి 50 నుంచి 55. టీవీలో చూసి 85 కొనిస్తే కర్ర వంగనే వంగదు, షాట్ మొత్తం చేతుల మీదే పడి పక్ (బంతి బదులు వాడే గుండ్రని బిళ్ళ) లేవదు. పొడవు ఉత్త కాళ్ళతో నిలబడితే ముక్కు దాకా, స్కేట్స్ వేస్తే గడ్డం దాకా. ఇంటర్మీడియట్ సైజు (పిల్లల జూనియర్‌కీ పెద్దలదానికీ మధ్యది) 55 ఫ్లెక్స్ తీసుకోండి, జూనియర్‌ది ఇంకో ఆరు నెలల్లో పొట్టిదైపోతుంది.

కోయాల్సి వస్తే జాగ్రత్త. రెండు అంగుళాలు తీసేస్తే కర్ర ఐదారు అంకెలు గట్టిపడుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోండి. కోసే చోట చుట్టూ టేపు బిగించి, దాని మీద గీత గీసి, సన్నపళ్ళ ఆక్సా బ్లేడుతో నిదానంగా కోయాలి. టేపు లేకపోతే కార్బన్ పోగులు పొరలుగా చీలుకొస్తాయి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు పెట్టుకుని ఆరుబయట కోయండి. ఎదిగాక పొడవు చాలకపోతే బోలు చివర్లో చెక్క ప్లగ్గు దించొచ్చు, అప్పుడు కర్ర కొంచెం మెత్తబడుతుంది.

ఇన్‌లైన్ చక్రాల సంగతి. మన కాంక్రీటు మీద 82ఏ (చక్రం గట్టిదనం చెప్పే అంకె) కంటే మెత్తవి వాడొద్దు. లోపలి నున్నటి కోర్టులకి చేసిన 74ఏ, 76ఏ చక్రాలు మే నెల ఎండకి కాలిన నేల మీద రబ్బరు తుడిచినట్టు అరిగిపోతాయి. తెల్లారి ఏడు లోపల ముగించండి. బేరింగులకి కొబ్బరి నూనె రాసే అలవాటు ఉంటే మాన్పించండి, అది జిడ్డు కట్టి దుమ్మునంతా పట్టుకుంటుంది. వారానికోసారి చక్రాలు మార్చుతుండాలి: ఒకటోది మూడో చోటుకి, రెండోది నాలుగో చోటుకి, అరిగిన వైపు బయటికి తిప్పి.

అలిపిరి_మెట్టు:
కడపరాయి అన్నా, చక్రాల దగ్గర చిన్న సవరణ. హాకీ ఇన్‌లైన్‌లో చాలావాటికి ముందు రెండు 76 మిల్లీమీటర్లు, వెనక రెండు 80. అట్లాంటి వాటికి ఒకటి-మూడు మార్పిడి కుదరదు. ఒకటి రెండుతో, మూడు నాలుగుతో, ఎడమ కాలివి కుడి కాలికి. చక్రం పక్కన అంకె చదివి మొదలుపెట్టండి, లేకుంటే స్కేట్ గాడిలో కూర్చోదు.

ఇంకో మాట. మీవాడు ఆడేది ఏ హాకీ అని క్లబ్బులో అడగండి. మన వైపు 'స్కేటింగ్ హాకీ' అని రెండు వేర్వేరు ఆటల్ని ఒకే పేరుతో పిలుస్తారు. జోడు చక్రాల స్కేట్స్, పొట్టి వంకీ కర్ర, బంతితో ఆడేది రోలర్ హాకీ. వరస చక్రాలు, పొడవు కర్ర, పక్‌తో ఆడేది ఇన్‌లైన్ హాకీ. జాతీయ పోటీలు రెండింటికీ ఉన్నాయి, కానీ ఐస్‌కి దగ్గరిది రెండోదే.

తిరుచానూరు_రోడ్డు:
ఆడేది ఇన్‌లైనే అన్నా, పక్‌తోనే. స్కేట్స్ చూసినా, 76-80 అనే రాసి ఉంది. ఇంకొక అనుమానం. వీడు క్రికెట్‌లో కుడిచేతి బ్యాటింగ్, హాకీ కర్ర కూడా అట్లే పట్టుకుంటాడు, ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. వీడియోల్లో చానామంది ఉల్టాగా పట్టుకోని ఉండారు. మార్పించాల్నా? ఇంట్లో ఐస్ లేకుండా షాట్ సాధన ఎట్లా?

మూడో_లైన్:
మార్పించొద్దు తమ్ముడూ. అది కుడి షాట్. మన దేశంలో క్రికెట్, ఫీల్డ్ హాకీ రెండూ ఎడమ చెయ్యి పైన పెట్టే ఆటలు కాబట్టి మన పిల్లలకి సహజంగా కుడి షాటే వస్తుంది. కెనడాలో ఎడమ షాట్ వాళ్ళు ఎక్కువ. కుడి షాట్ సెంటర్లు (మధ్యలో ఆడే ఫార్వర్డ్‌లు) తక్కువ, అందుకే గిరాకీ ఎక్కువ. ఒకటే జాగ్రత్త: ఐస్ హాకీలో కర్రని నడిపేది పై చెయ్యి. క్రికెట్ పిల్లలు కింది చేత్తో తోసేస్తారు.

షాట్‌కి ఇంట్లో ఏర్పాటు సులువు. ప్లైవుడ్ కొట్లో 8 అడుగులకి 4 అడుగుల సన్‌మైకా షీటు దొరుకుతుంది, దాన్ని అదే కొలత ప్లై మీద అంటించి మిద్దె మీద పరచండి. పాలిష్ గ్రానైట్ పలక ఉంటే అదీ పనికొస్తుంది, మన జిల్లాలో దానికి కొదవ లేదు. గరుకు కాంక్రీటు మీద మాత్రం వద్దు, నెలలో కర్ర బ్లేడు (పక్‌ని తాకే చదును చివర) అడుగు అరిగి టేపు కిందనుంచి పోగులు బయటికొస్తాయి. ఐస్ పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు, మందం అంగుళం, అడ్డం 3 అంగుళాలు. ఇన్‌లైన్ పక్ దీనికంటే తేలిక, దానితోనే సాధన చేస్తే మణికట్టుకి తప్పు బరువు అలవాటవుతుంది. గోలు 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. గోడ మీద సుద్దతో గీసి ముందర పాత పరుపో మందపాటి టార్పాలినో వేలాడదీయండి. లేకపోతే పక్కింటివాళ్ళ కిటికీ, మీ స్నేహం రెండూ పోతాయి.

రిస్ట్ షాట్ (మణికట్టుతో విసిరే షాట్) ఇట్లా: పక్ కర్ర బ్లేడు మడమ దగ్గర, అంటే బ్లేడు కర్రని కలిసే చోట, వెనక కాలికి కొంచెం వెనక మొదలవ్వాలి. శరీరం బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి వస్తుండగా పక్ బ్లేడు మీద మడమ నుంచి కొనకి దొర్లాలి. వదిలే క్షణంలో పై చెయ్యి పొట్ట వైపు లాగాలి, కింది చెయ్యి కిందికీ ముందుకీ నొక్కాలి. ఈ లాగుడు-నొక్కుడులోనే కర్ర వంగి తిరిగి కొడుతుంది. పక్ గిరగిర తిరక్కుండా పల్టీలు కొడుతూ పోతోందంటే అది బ్లేడు మీద దొర్లలేదు, ఎగిరిందంతే. రోజుకి వంద చాలు. మూడొందలు కొడితే చివరి రెండొందలు తప్పు అలవాట్లే నేర్పుతాయి.

ఇంకో సన్‌మైకా ముక్కతో 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు జారుడు పలక చేయండి. రెండు చివర్లా చెక్క దిమ్మెలు మేకులతో బిగించి, ఉన్ని మేజోళ్ళు వేసుకుని అటూ ఇటూ జారాలి, ఛాతీ పైకెత్తి, మోకాళ్ళు బాగా వంచి. 45 సెకన్లు జారుడు, రెండు నిమిషాలు విరామం, ఎనిమిది సార్లు. ఈ 45 సెకన్లు ఊరికే పెట్టింది కాదు. ఫార్వర్డ్ ఒక షిఫ్టులో ఐస్ మీద ఉండేది సుమారు అంతే, ఆ తర్వాత బెంచీకి పోవాలి. నిమిషం దాటితే కాళ్ళు బరువెక్కి వెనక్కి రాలేరు, గోలు పడేది అప్పుడే.

అసలు సంగతికి వస్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ సామాన్ల మీదే పడ్డారు. ఇన్‌లైన్‌లో నలుగురే స్కేటర్లు, ఆఫ్‌సైడ్ గొడవ పెద్దగా ఉండదు, కాబట్టి ఫార్వర్డ్ అంటే పక్ తీసుకుని ముందుకు పరిగెత్తేవాడని పిల్లల బుర్రలో నాటుకుపోతుంది. ఐస్ మీద ఐదుగురు స్కేటర్లు, రెండు నీలి గీతలు. ఎదుటి జట్టు వైపు నీలి గీతని పక్ దాటకముందే ఆటగాడి రెండు స్కేట్లూ దాటితే ఆఫ్‌సైడ్. ఒక జట్టు 12 మంది ఫార్వర్డ్‌లని నాలుగు లైన్లుగా దింపుతుంది, ఒక్కో లైన్‌లో సెంటర్, ఎడమ వింగ్, కుడి వింగ్. గోల్స్ కొట్టే పని మొదటి రెండు లైన్లది. మూడు, నాలుగు లైన్లవాళ్ళ కూలి గోల్స్ ఆపినందుకు. బయటి నుంచి ఆలస్యంగా వచ్చే ఆటగాడికి తలుపు తెరుచుకునేది ఈ రెండు లైన్లలోనే.

మానీ మల్హోత్రాని తీసుకోండి. 1998లో న్యూయార్క్ రేంజర్స్ 7వ నంబరుగా డ్రాఫ్ట్ చేసిన సెంటర్, తండ్రి వైపు భారతీయుడు. గోల్స్ లెక్క మొత్తం కెరీర్‌కి 116 మాత్రమే. ఆడింది 991 ఆటలు! ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసి మీవాడి గదిలో అంటించండి. ఆయన్ని అన్నేండ్లు ఉంచింది ఫేస్‌ఆఫ్, అంటే ఆట మొదలుపెట్టడానికి మధ్యలో వేసే పక్ కోసం ఇద్దరి పోటీ. 2010-11లో వాంకూవర్‌కి ఆడుతూ నూటికి 60కి పైగా ఫేస్‌ఆఫ్‌లు గెలిచాడు. ఆ సీజన్ మార్చిలోనే కంటికి పక్ తగిలి పెద్ద దెబ్బ, జూన్‌లో ఫైనల్‌కి తిరిగొచ్చాడు. 2025లో ఏహెచ్‌ఎల్ జట్టు అబాట్స్‌ఫర్డ్‌కి కోచ్‌గా ఉండి కాల్డర్ కప్ గెలిపించాడు. బ్లూలైన్ బాబాయి చెప్పిన బెయిన్స్ అప్పుడు ఆ జట్టులోనే ఉన్నాడు.

ఫేస్‌ఆఫ్‌కి ఐస్ అక్కర్లేదు, మిద్దె మీద ఇద్దరుంటే చాలు. కింది చెయ్యి బ్లేడుకి దగ్గరగా దించి, అరచెయ్యి తిప్పి పట్టాలి. కాళ్ళు భుజాలకంటే వెడల్పు, కళ్ళు వేసేవాడి చేతి మీద, పక్ మీద కాదు. పక్ నేల తాకాక కదిలితే ఆలస్యమైపోయినట్టే. ముందు ఎదుటివాడి కర్రని కొట్టి తొలగించి, తర్వాత పక్‌ని వెనక్కి లాగడం ఒక పద్ధతి. నేరుగా లాగడం ఇంకోటి. రోజుకి 30 చేయించండి.

వింగర్ అయితే సొంత జోన్‌లో (మన గోలు వైపు నీలి గీత లోపల) రింక్ గోడ పక్కన పని. మన డిఫెన్స్ పక్ పట్టుకోగానే వింగర్ ఫేస్‌ఆఫ్ వృత్తం మధ్య గుర్తుల దగ్గర, గోడకి వీపు పెట్టి నిలబడాలి. అట్లా నిలబడితేనే పక్కూ, మీదికొచ్చే ప్రత్యర్థీ ఇద్దరూ కనపడతారు. గోడ వైపు ముఖం పెట్టి అందుకుంటే వెనక నుంచి దెబ్బ. అందుకున్నాక దారి లేకపోతే గొప్పలకి పోకుండా గోడకి కొట్టి నీలి గీత దాటించేయాలి. పిల్లలు చేసే తప్పు, పక్ ఇంకా మనవాడి కర్ర మీదికి రాకముందే ముందుకి పారిపోవడం. గోల్ వస్తుందన్న ఆశ. పక్ పోతే సొంత జోన్‌లో ఐదుగురికి నలుగురే మిగులుతారు.

తిరుచానూరు_రోడ్డు:
991 ఆటలు, 116 గోల్స్. చూపించినా, నమ్మలేదు, ఫోన్ తీసి వెతికి చూసుకున్నాడు. సరే, ఐస్ ఎక్కించాలంటే ముందు ఎక్కడికి పోవాల? చలికాలం సెలవల్లో లేహ్ అనుకుంటాండాం.

బ్లూలైన్_బాబాయి:
లేహ్ మంచిదే, కానీ అక్కడ ఎక్కువగా ఆడేది సహజంగా గడ్డకట్టిన ఐస్ మీద. నమ్మకంగా దొరికేది డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఢిల్లీ దాకా ఏపీ సంపర్క్ క్రాంతిలో పోయినా, అక్కడి నుంచి చలికాలంలో విమానమే, కనుమలు మూసేస్తారు. ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. దిగిన మొదటి రెండు రోజులు స్కేట్స్ సంచిలోంచి తీయనే తీయొద్దు, నీళ్ళు బాగా తాగించండి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఓర్చుకోమనకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. టికెట్లు కొనేటప్పుడే ఆ రెండు రోజులూ కలిపి లెక్క వేయండి.

ముందు నాలుగైదు రోజులు రుచి చూపించాలంటే డెహ్రాడూన్‌లో హిమాద్రి రింక్ ఉంది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకి కట్టింది, చానా ఏండ్లు మూతపడి 2025లో మళ్ళీ తెరిచారు. 60 మీటర్లకి 30, అంటే అంతర్జాతీయ కొలత. గుడ్‌గావ్ మాల్‌లో చిన్న రింక్ ఉంది, నిలబడ్డం నేర్చుకోవడానికి సరిపోతుంది. ఎక్కడికి పోయినా ముందు ఫోన్ చేసి హాకీకి కర్రతో అనుమతిస్తారా అని అడగండి, కొన్నిచోట్ల సాదా స్కేటింగ్‌కే ఇస్తారు.

కడపరాయి:
ఇన్‌లైన్ పిల్లలకి ఐస్ మీద ముందుకి పోవడం అరగంటలో వస్తుంది, ఆగడమే రాదు. చక్రాల మీద వెనక కాలు అడ్డంగా ఈడ్చి ఆగే అలవాటు ఉంటుంది. ఐస్ మీద అట్లా ఈడిస్తే బ్లేడు అంచు పట్టుకుని గిర్రున తిప్పేస్తుంది. మొదట రెండు మడమలూ బయటికి తోసి నాగలి ఆకారంలో ఆగడం నేర్పించండి. తర్వాత ఒక్క కాలితో, ఆ తర్వాత రెండు కాళ్ళూ పక్కకి తిప్పి. బరువు తీసి, తిప్పి, మళ్ళీ బరువు వేయాలి. బరువు తీయకుండా తిప్పితే ముందుకి బోర్లా. ఎడమ వైపు, కుడి వైపు రెండూ సమానంగా చేయించండి, పిల్లలు వచ్చిన వైపే చేస్తూ పోతారు.

బ్లేడు అడుగున మధ్యలో గాడి ఉంటుంది, దాని వల్లే రెండు అంచులు. ఆ గాడి గుండ్రం ఎంత చిన్నదైతే అంచు అంత లోతుగా దిగుతుంది. మాల్ రింకులో ఐస్ మెత్తన, అక్కడ 5/8 అంగుళం చాలు. లేహ్ చలికి ఐస్ రాయిలా గట్టిపడుతుంది, 1/2 అంగుళం చెక్కించండి. సహజ ఐస్‌లో ఇసుక రేణువులు ఉంటాయి, గంటలో అంచు మొద్దుబారిపోతుంది. గోరుని అంచు మీద అడ్డంగా గీకి చూడండి, సన్నని పొట్టు లేస్తే పదునుంది, జారిపోతే లేదు. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడాలంటే బ్లేడు మీద అడ్డంగా ఒక రూపాయి బిళ్ళ పడుకోబెట్టి కంటికి ఎదురుగా పట్టుకోండి. బిళ్ళ వాలితే మళ్ళీ చెక్కమనండి, డబ్బులు ఇచ్చే ముందే.

మెడ కవచం మర్చిపోవద్దు, అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో ఇప్పుడది తప్పనిసరి. ముఖానికి పూర్తి జాలీ ఉన్న హెల్మెట్. తిరిగొచ్చాక బ్లేడు గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, తడి మీదనే ప్లాస్టిక్ తొడుగు వేసి రైల్లో పెడితే తిరుపతి చేరేసరికి తుప్పు. ప్రయాణానికి గుడ్డ తొడుగు వేరే ఉంటుంది, అది కొనండి.